పేరమ్మ పోసిన నీళ్ళు

టక్, టక్.

కొబ్బరిచిప్ప గరిటె మట్టికుండ అంచును రెండుసార్లు తాకిన చప్పుడు. కాసేపు సముద్రపు హోరు. మళ్ళీ టక్, టక్. ఏ మూలనో ఎవరో తలుపు తడుతున్నట్టు.

వాకాడు దగ్గర పట్టపు జాలర్లుండే ఆ పాలెం బడికి కరుణాకుమారి టీచరుగా వచ్చిన మొదటిరోజు అది. 1961 జూన్. ఏడో తరగతికి భిన్నాలు చెబుతున్నదల్లా ఆగిపోయింది.

"ఏంటది?"

పిల్లలు నవ్వారు. "పేరమ్మ పంతులమ్మా. ఒకరు తాగేసినారు, ఇంకొకరు రావచ్చునని కొడతాది."

వసారా చివర కుండల పక్కన కూర్చుని ఉంది పేరమ్మ. నలభై దాటిన మనిషి. ఉప్పుగాలి ఆమె ముఖాన్ని కొంచెం కొంచెంగా తీసుకుపోయి, కళ్ళు మాత్రం వదిలేసినట్టుంది. తెల్లవారగానే ఇసుకలో తవ్విన చెలమ నుంచి మంచినీళ్ళు తెచ్చి కుండలు నింపుతుంది. వచ్చినవాళ్ళ దోసిట్లో గరిటెడు పోస్తుంది. ఎవరో ఒకరిద్దరికి మాత్రం, అడక్కుండానే, ఇంకో గరిటెడు ముఖాన పోసి "ఎండ మండిపోతా ఉండాది, మొగం కడుక్కో అబ్బయ్యా" అంటుంది. మబ్బు పట్టిన రోజైనా అదే మాట.

"నీళ్ళు అట్లా పారబోస్తావేం?" అని ఒకసారి అడిగింది కరుణాకుమారి.

"చెలమ ఊరతానే ఉండాది పంతులమ్మా. మీ లెక్కల మాదిరి కాదు, ఎంత తీసేసినా మిగలతాది."

కార్తీకంలో తుఫాను వచ్చింది. ఏడో తరగతి పిల్ల కామమ్మ తండ్రి మునెయ్య ఎక్కిన తెప్ప తిరిగి రాలేదు.

ఆ పాలెంలో ఒక కట్టుబాటు ఉంది. సముద్రంలో పోయినవాడి శవం ఒడ్డుకు రాకపోతే, మూడు అమావాస్యలు గడిచేదాకా ఆ ఇంట్లో ఎవరూ ఏడవకూడదు. ఆ ఏడుపు మిగతా తెప్పల మీదికి గాలిని పిలుస్తుందని నమ్మకం. కామమ్మ తల్లి బొట్టు చెరుపుకోలేదు. రోజూ మొగుడి కంచంలో అన్నం పెట్టి మూత వేసేది. "మీ నాయన వస్తాడు" అని చెప్పి, పన్నెండేళ్ళ పిల్లకు తలదువ్వి బడికి పంపింది.

కామమ్మ గంటకోసారి లేచేది. "నీళ్ళకు పోవాల పంతులమ్మా." వసారాలో టక్, టక్. తిరిగి వచ్చేటప్పుడు ముఖమంతా తడి, కనురెప్పల కొసల్లో చుక్కలు. చూసినవాళ్ళకు అవి కుండలోని నీళ్ళే.

ఐదో రోజు కరుణాకుమారికి విసుగొచ్చింది. పాఠం తప్పించుకోవడానికనుకుంది. "అది కడుపా, చెరువా? మధ్యాహ్నం గంట కొట్టేదాకా లేవడానికి వీల్లేదు."

తరగతి గొల్లున నవ్వింది. కామమ్మ కూర్చుంది. ఆరోజు మళ్ళీ అడగలేదు. మర్నాడూ అడగలేదు. ఎవరితోనూ పలకలేదు. మూడోరోజు అన్నాల గంట తర్వాత పుస్తకాల సంచి ఉంది, పిల్ల లేదు.

కరుణాకుమారి వసారాలోకి వచ్చింది. "కామమ్మ నీళ్ళకొచ్చిందా?"

"మూడు దినాలుగా రాలేదే!" పేరమ్మ చప్పున లేచింది. "మీరు ఆపినారా?"

జవాబు కోసం ఆగలేదు. గరిటె చేతిలో ఉండగానే పరుగెత్తింది. ఇసుకలో ఆమె అడుగుల వెనకే అడుగులు వేస్తూ పరుగెత్తింది కరుణాకుమారి.

కామమ్మ నడుముల్లోతు నీళ్ళలో ఉంది. రెండు దుంగల చిన్న తెప్పను లోపలికి తోస్తోంది.

"యాడికి బిడ్డా?"

"నాయన్ను ఎతికేదానికి. వస్తాడని అమ్మ చెప్తా ఉండాది గదా. దావ తప్పినాడేమో."

పేరమ్మ ఆ పిల్లను రెండు చేతులా పొదివి పట్టుకుంది. దూరంగా తెరచాపలు, ఎవరో నీళ్ళమీద మరిచిపోయిన కాగితాల్లా.

"రాడు బిడ్డా. మీ నాయన ఇంక రాడు. ఏడువు. గట్టిగా ఏడువు."

ఒడ్డున చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్ళు లేచారు. "నోరు ముయ్యి మే! నీ కొంపలో ఎవురూ మిగల్లేదని మా కొంపలు గూడా ఆర్పతావా? మా మొగోళ్ళు నీళ్ళ మీద ఉండారు!"

"ఈ బిడ్డ నీళ్ళలో ఉండాది," అంది పేరమ్మ.

అప్పుడు కామమ్మ ఏడ్చింది. ఆ ఏడుపును అలలు కప్పలేకపోయాయి.

ఆ సాయంత్రం తెప్పలన్నీ క్షేమంగా ఒడ్డుకొచ్చాయి. అయినా పాలెం పెద్దలు కూడి, పేరమ్మతో ఎవరూ మాట్లాడకూడదని, ఆమె చేతి నీళ్ళు ఏ బిడ్డా తాగకూడదని కట్టడి చేశారు. హెడ్మాస్టరు పద్మనాభయ్య వెళ్ళి బతిమాలి, తల వంచుకుని తిరిగొచ్చాడు.

మర్నాడు కరుణాకుమారి పేరమ్మ గుడిసెకు వెళ్ళేసరికి ఆమె మూట కడుతోంది. బోగోలులో అక్క ఉందట.

"తప్పు నాది పేరమ్మా. నేను ఆపకపోతే..."

"మీకు తెలీక ఆపినారు. నేను తెలిసే ఆపినా." ముడి బిగిస్తూనే చెప్పింది. "పన్నెండేళ్ళయింది. మా ఇంటాయన పోయినాడు. నా కొడుకు గంగాధరానికి అప్పుడు పదకొండేండ్లు. ఏడవబాకురా, నాయన వస్తాడు అన్నా. చెప్పినమాట విన్నాడు పంతులమ్మా. ఒక్క చుక్క కార్చలా. నెల తిరక్కముందే తెల్లారి లేచి చూస్తే తెప్ప లేదు, వాడూ లేడు."

ఆ తర్వాతే బడిలో కుండల దగ్గర చేరిందని కరుణాకుమారికి అర్థమైంది.

కామమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"పెద్దమ్మా, రాత్రి మా అమ్మ గూడా ఏడ్చింది. కంచం కడిగి బోర్లించింది."

పేరమ్మ ఆ పిల్ల తల నిమిరింది.

రోడ్డుదాకా ముగ్గురూ నడిచారు. బస్సు కనిపించాక పేరమ్మ మూటలోంచి గరిటె తీసి కరుణాకుమారి చేతిలో పెట్టింది. దాని పిడి నున్నగా అరిగి, ఇంకా కొంచెం తడిగా ఉంది.

"ఊరికూరికే నీళ్ళకొచ్చే బిడ్డను దప్పికా అని అడగబాకండి తల్లీ. ఇంకో గరిటె ముఖాన పొయ్యండి."