రవికె గుడ్డల టైంటేబుల్

తిరుపతిలో కాపురముండటం పుణ్యమని బయటివాళ్లు అనుకుంటారు. "మీకేమమ్మా, లేస్తూనే కొండ కనపడతాది" అంటారు. కనపడుతుంది, నిజమే. కొండకు పోయే చుట్టాలు అంతకన్నా ముందే కనపడతారు. సరిగ్గా తెల్లారకముందే గేటు చప్పుడవుతుంది. బంగారుపాళ్యం వాళ్లయితే మామిడికాయల గోతంతో వస్తారు, వడమాలపేట వాళ్లయితే వట్టి చేతులతో వస్తారు. సంచులు మా హాల్లో పడేసి, స్నానాలు చేసి, టిఫిన్లు తిని కొండెక్కుతారు. మర్నాడు గుండ్లతో, లడ్లతో దిగొచ్చి మా మంచాల మీద పడి నిద్రపోతారు. ఇలాంటి ఇంట్లో మా పాపకు నేనే చదువు చెబుతానని పూనుకున్నాను. వద్దని చెప్పినవాళ్ల మాట వినలేదు. అనుభవించాను.

సరదాకి పెట్టుకున్న పని కాదు. మూడో తరగతిలో ఉండగా పాప బయట మాట్లాడటం మానేసింది. ఇంట్లో మాతో వాగుడుకాయ. గేటు దాటితే నోరు కుట్టేసినట్టే. బడిలో ఏదైనా అడిగితే లేచి నిలబడేది, జవాబు తెలిసినా చెప్పేది కాదు. చెప్పేదాకా అలాగే నిలబడమనేవాళ్లు. నిలబడేది. ఆదివారం సాయంత్రమైతే ఒళ్లు కాలిపోయేది. డాక్టరు చూసి జబ్బేమీ లేదన్నాడు. చివరికి అంగట్లో పెన్సిల్ అడగడానికి కూడా నా కొంగు లాగి నా చేత అడిగించేది. ఆ రోజు నాకు నిజంగా భయమేసింది. బడి మాన్పించేద్దామన్నాను.

మా ఆయన ఊరికే ఒప్పుకోలేదు. "ఒక ఏడాది చూద్దాం. మా యక్క వచ్చి పాపను చూసి సరే అంటే సరే. లేదంటే మళ్లా బడికే పంపించాల" అన్నాడు. వాళ్లమ్మ చిన్నప్పుడే పోతే ఆయన్ను పెంచింది తమిళనాడు సరిహద్దున సత్యవేడులో ఉండే ఆ అక్కే. ఆమె మాటంటే ఆయనకు వేదం. నేను తలూపాను గానీ లోపల ఒళ్లు మండిపోయింది. కన్నది నేను, చదువు చెప్పేది నేను, మార్కులు వేసేది మా వదినా?

పాఠం చెప్పడం నాకు పెద్ద కష్టమనిపించలేదు. ఏ రోజు ఏది చెప్పాలో రాసుకోవడం దగ్గరే తల ప్రాణం తోకకొచ్చింది. మొదట ఇంటర్నెట్‌లో ఒక ప్లానర్ దొరికితే రంగుల్లో ప్రింటు తీయించాను. ఏ దేశంవాళ్లు చేసిందో ఏమో, చదువు సెప్టెంబర్లో మొదలవుతుంది, డిసెంబరు పేజీ నిండా మంచు. ఈ రోజు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగారు అని ఒక గడి, మనసెలా ఉంది అని ఇంకో గడి. ఎంతమంది చుట్టాలు దిగారు అనే గడి మాత్రం లేదు. సోమవారం లెక్కలు అని రాసుకున్న రోజే మా చిన్నమామ వియ్యంకులు పిల్లాజెల్లాతో వచ్చారు. ఉప్మా కలియబెట్టే చేత్తో భిన్నాలు ఏం చెప్పను? మనసెలా ఉంది అనే గడిలో రాయదగిన మాట ఒక్కటీ నాకు తోచలేదు.

తర్వాత నేనే తయారు చేసుకున్నాను. పాత క్యాలెండరు కాగితాలు తిరగేసి, స్కేలు పెట్టి గళ్లు గీసి గోడకు అంటించాను. పెన్సిల్‌తో రాయడం, చుట్టాలు రాగానే చెరపడం. చెరిపి చెరిపి మంగళవారం దగ్గర చిల్లు పడింది. ఒక పెద్దాయన దాన్ని చూసి "ఏమ్మా, పాలలెక్కా?" అని అడిగి, జవాబు వినకుండా శుక్రవారం గడిలో తన తిరుగు రైలు టైము రాసుకున్నాడు. పెన్నుతో రాశాడు.

దేవుణ్ణి చూసుకుని పోతే నాకు ఏ బాధా లేదు. పాపను పరీక్ష చేస్తారు, అదీ నా కడుపుమంట. "బడికి పోదంట గదా! యాడ, పదిహేడో ఎక్కం చెప్పు సూద్దాం" అంటారు. పాప గోడకు అతుక్కుపోతుంది. దానికి పదిహేడో ఎక్కం వచ్చు, పొద్దున్నే నాకు అప్పజెప్పి ఉంటుంది. అయినా నోరు మెదపదు. అప్పుడు ఆ పెద్దమనిషి గుండుకు పూసుకున్న చందనం తడుముకుంటూ, "ఇంట్లో పెట్టుకుంటే ఇట్లనే అయితాదమ్మా" అంటాడు. నా ఇంట్లో కూర్చుని, నేను వేసిన దోసె తింటూ అంటాడు. నేను నవ్వి "ఇంకోటి వేయమంటారా" అని అడుగుతాను. మా అమ్మ నన్నట్లా పెంచింది. వాళ్లు వెళ్లాక ఆ కోపమంతా గిన్నెల మీద చూపిస్తాను.

ఈ చుట్టాల వల్ల మా ఇంట్లో మిగిలేవి రవికె గుడ్డలు. వచ్చిన ఆడవాళ్లు మాకు పెడతారు, పోయేటప్పుడు మేం వాళ్లకు పెడతాం. ఎవరూ కుట్టించుకోరు. ఊరూరూ తిరిగి మళ్లీ మా ఇంటికే వచ్చిన గుడ్డలు కూడా ఉన్నాయి. ఒకరోజు బీరువా తెరిస్తే మొత్తం జారి నా నెత్తిన పడ్డాయి. ఆ విసుగులోనే ఆలోచన వచ్చింది. ఒక పాత దుప్పటి మీద, రోజుకొక గుడ్డ చొప్పున, వారానికి సరిపడా జేబులు కుట్టి హాల్లో గోడకు తగిలించాను. పాఠాలు అట్టముక్కల మీద రాసి వాటిలో వేశాను. సోమవారం చుట్టాలొస్తే సోమవారం ముక్కలు తీసి బుధవారంలో వేస్తే సరి. చెరిపే బాధ లేదు, చిరిగే బాధ లేదు. భిన్నాల ముక్కకు రోజు లేకుండా చేశాను. కొండ నుంచి లడ్లు దిగిన రోజే భిన్నాలు. రెండు లడ్లు ఏడుగురికి పంచమంటే పాప ఏ పుస్తకమూ అడగలేదు.

ముక్కలు అటూ ఇటూ మార్చే పని మెల్లగా పాపే తీసుకుంది. నన్ను తాకనిచ్చేది కూడా కాదు. చదువు కూడా గాడిలో పడింది. చుట్టాల ముందు మాత్రం అదే గోడ, అదే మౌనం. ఆయన చెప్పిన ఏడాది గడువు దగ్గర పడుతోంది.

ఒక మంగళవారం పొద్దున వదిన దిగింది. ముందు ఫోన్ కూడా చేయలేదు. "కొండకు గాదు మే, నా తమ్ముని బిడ్డను సూడను వచ్చినా" అంది. కాఫీ తాగింది. ఆఫీసుకు బయల్దేరిన మా ఆయన బూట్లు విప్పేసి మళ్లీ కూర్చున్నాడు. వదిన పాపను పిలిచి ముందు నిలబెట్టుకుంది.

"నూరు టెంకాయల్లో ముప్పై ఏడు కుళ్లిపోయినాయి. మంచివి ఎన్ని?"

పాప పలకలేదు. గోడ వైపు చూసింది. మా ఆయన నా వైపు చూశాడు. వదిన మాత్రం పాప చూసిన వైపే చూసి, కళ్లజోడు పెట్టుకుని లేచి దుప్పటి దగ్గరికి పోయింది. ఒక జేబు పట్టుకుని తడిమింది.

"ఇది నేను పెట్టిన గుడ్డ గదా! నగరిలో ఏరి ఏరి తెచ్చినా. కుట్టించుకోమని పెడితే గోడకు కొట్టినావా మే?"

అయిపోయిందనుకున్నాను. పాప సంగతి సరే, నాకే నోరు పెగల్లేదు. ఏమని చెప్పను? నీ గుడ్డ అని కాదు వదినా, చేతికి అందిన గుడ్డ అని చెప్పనా? తప్పు చేసిన పిల్లలా నిలబడ్డాను. మా పాప బడిలో ఎలా నిలబడేదో అప్పుడు తెలిసింది నాకు.

"అత్తా, అది గురువారం."

అందరం తిరిగి చూశాం. గొంతు చిన్నదే గానీ స్పష్టంగా ఉంది.

"ఏందే?" అంది వదిన.

"నీ గుడ్డ గురువారం. లెక్కలన్నీ దాంట్లోనే ఉండాయి. ఈ పొద్దు మంగళవారం. ఈ పొద్దు లెక్కల్లేవు. గురువారం అడుగు, చెప్తా." అంతటితో ఆగలేదు. "చెయ్యి తియ్యత్తా, ముక్కలు కలిసిపోతాయి" అంది.

పెద్దవాళ్లతో అలాగేనా మాట్లాడేది అని నేను కసరాలి. కసరలేదు. ఏడాదిగా ప్రతి చుట్టానికీ చెప్పాలనుకుని నేను మింగేసిన మాట అది. నా కూతురు నా బదులు చెప్పేసింది. నాకు కళ్లు తిరిగినంత సంతోషమైంది.

వదిన చెయ్యి తీసింది. కుర్చీలో కూర్చుంది. తర్వాత ఫోన్ తీసి కొడుక్కి చేసింది. "రే, నేను గురువారం దాకా రాను. ఈడ లెక్కలుండాయి." మా ఆయన గొంతు సవరించుకుని "మరి, బడి సంగతి ఏం చెప్తావక్కా?" అన్నాడు. "గురువారం అడుగురా. ఈ ఇంట్లో దేని దినం దానికుండాదంట" అంది.

ఆమె ఉండిపోయింది. ఆమె వెల్లుల్లి తినదు, చల్లారిన అన్నం ముట్టదు. బుధవారం పాఠాలన్నీ ఆమె పెట్టుకున్న తమిళ సీరియళ్ల హోరులో కొట్టుకుపోయాయి. ఆ ముక్కల్ని పాప శనివారానికి మార్చింది.

గురువారం కాఫీ కూడా అడక్కుండా వదిన చాప మీద కూర్చుంది. పాప జేబులోంచి ముక్కలు తీసింది. ముందు టెంకాయల లెక్కే. "అరవై నాలుగు" అంది గట్టిగా. "ఉండుండు, తప్పు, అరవై మూడు" అంది, ఇంకా గట్టిగా. ముక్కలన్నీ అయ్యాక "ఇప్పుడు నేనడుగుతా" అని అత్తను పదిహేడో ఎక్కం చెప్పమంది. వదిన సగంలోనే ఆగిపోయింది. నేను వంటింట్లోకి పోయి నవ్వుకున్నాను.

ఆ సాయంత్రం బస్టాండులో వదిన తమ్ముడితో అంది: "బడి మాట ఎత్తబాక. పలికే బిడ్డను తీస్కపోయి మళ్లా నిలబెడ్తారా?" తర్వాత నాతో, "శనివారం గుడ్డ వెలిసిపోయిండాది మే, మంచిది సూసి కుట్టు" అంది.

ఇప్పుడు ప్రతి గురువారం, సరిగ్గా నేను దోసె పోసే వేళకు ఫోన్ మోగుతుంది. నాకోసం కాదు. "దానికియ్యి" అంటుంది వదిన. పాప ఫోన్ పట్టుకుని గేటు దాటి రోడ్డు మీదికి పోతుంది, అక్కడ నిలబడి వీధంతా వినేలా లెక్కలు చెబుతుంది. హాల్లో చుట్టాలు చట్నీ కోసం కూర్చుని ఉంటారు. దర్శనానికి ఎంతసేపు పడుతుందోనని నాకు ఫోన్ చేసే రాబోయే చుట్టాలు ఇంకోవైపు లైనులో ఉంటారు. ఫోన్ ఇటియ్యమ్మా అని వంటింట్లోంచి ఎంత అరిచినా ఇవ్వదు.