వెనక్కి వచ్చిన ఇంజెక్షన్లు

ఆ రిపోర్టు రాసింది నేనే. ఇప్పుడెంత మొత్తుకున్నా అది మారదు కాబట్టి ముందే చెప్పేస్తున్నా.

రెండువేల దశకం మధ్యలో గుర్గావ్‌లో ఓ ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ సెక్షన్‌లో పనిచేసేదాన్ని. మా ఆయనది సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగం, ఆర్.కె. పురంలో క్వార్టరు. తెనాలిలో ఎం.కామ్ చదివినదాన్ని, ఢిల్లీలో ఏసీ గదిలో కుర్చీ ఇచ్చేసరికి కళ్లు నెత్తికెక్కాయి. వార్డుల్లో వాడిన సామాను రోగి బిల్లులో ఎక్కకుండా ఎక్కడ జారిపోతోందో పట్టుకోవడం నా పని. దూది ఉండ కూడా వదిలేదాన్ని కాదు. "సౌత్ ఇండియన్ మేడమ్ చేతిలోంచి ఏదీ తప్పించుకోదు" అని మా ఫైనాన్స్ సారు మీటింగులో అంటే, ఆ పూటకి అన్నం కూడా అక్కర్లేదనిపించేది.

ఓ నెల లెక్కల్లో ఒక విచిత్రం కనబడింది. అక్కడి పద్ధతి ఏమిటంటే, నర్సు రోగి పేరు మీద రెండు మూడు రోజుల మందులు ఫార్మసీ నుంచి ఒకేసారి తెప్పిస్తుంది. తెప్పించగానే ఆ డబ్బు బిల్లులో పడిపోతుంది. రోగి ఇంటికెళ్లే రోజున మిగిలినవి కంప్యూటర్లో రిటర్న్ కొట్టి వెనక్కి పంపిస్తే, ఆ మేరకు బిల్లు తగ్గుతుంది. మిగతా వార్డులన్నిటిలో రిటర్న్‌లు దాదాపు లేవు. మూడో అంతస్తులో మాత్రం, అదీ ఒకే ఒక్క ఉద్యోగి నంబరు మీద, రోజూ రిటర్న్‌లే. ఇంజెక్షన్లు, సెలైన్ సీసాలు, ఆఖరికి బ్యాండేజీ చుట్టలు కూడా.

ఇందులో ఏదో మతలబు ఉందనుకున్నాను. అందరూ ఒకలా ఉండి ఒకరు వేరేగా ఉంటే తప్పు ఆ ఒక్కరిదే అనుకునే లెక్కల బుర్ర నాది, ఏం చెయ్యను! ఆ వరసకి ఎర్ర రంగు వేసి, "అనుమానాస్పదం, విచారించాలి" అని రాసి సారుకి పంపేశాను. ఆ నంబరు ఎవరిదో చూడాలని కూడా తోచలేదు.

నాలుగో రోజు పొద్దున్న, ఆఫీసులకెళ్లేవాళ్లం నెలకింతని కట్టి ఎక్కే చార్టర్డ్ బస్సులో తెలిసింది. ధౌలా కువాన్‌లో ఎక్కే ఏలూరు అమ్మాయి ఒకతి ఉండేది, మా ఆసుపత్రిలోనే నర్సు. నేను కండక్టరుతో హిందీలో దెబ్బలాడుతుంటే పడీ పడీ నవ్వేది. "అక్కా, మీరు తిడుతుంటే ఆయనకి ముద్దొస్తోంది" అనేది. ఆ రోజు వచ్చి నా పక్కన కూర్చుని, ఒక కాగితం చేతిలో పెట్టింది. ఛార్జిషీటు. మందుల రిటర్న్‌లలో అవకతవకలు, మూడు రోజుల్లో జవాబివ్వాలి.

కింద నేను ఎర్ర రంగు వేసిన ఆ ఉద్యోగి నంబరే.

"ఉద్యోగం పోతే పోయిందక్కా. దొంగ అని తీసేస్తే ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇవ్వరు. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు హెచ్.ఆర్. వాళ్ల బీరువాలోనే ఉన్నాయి. ఇంకెక్కడ చేర్చుకుంటారు నన్ను? మీరు బిల్లింగే కదా, ఇది ఎవరు రాశారో కనుక్కోరూ?" అంది.

కనుక్కుంటానన్నాను. ఛీ, నా బతుకు!

ఆఫీసులో సంచి పడేసి తిన్నగా రెండో అంతస్తు వార్డుకి వెళ్లాను. అక్కడి సీనియర్ సిస్టర్‌ని, "దీదీ, మీ దగ్గర మందులు మిగలనే మిగలవా?" అని అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసి, బల్ల వెనకున్న బీరువా తెరిచింది. పైనుంచి కిందదాకా మందులు! సీలు తియ్యని ఇంజెక్షన్లు, వాటి మీద సగం చింపిన రోగుల పేర్ల చీటీలు. డబ్బు కట్టేసి వెళ్లిపోయిన వాళ్ల మందులు. వాటినే వార్డు స్టాకని కొత్త రోగికి వాడి, మళ్లీ బిల్లు వేస్తారట.

"ఒకటే ఇంజెక్షన్‌కి ఇద్దరి దగ్గరా డబ్బులా?" అని అరిచాను.

"అరే, ఎందుకలా అరుస్తారు? రిటర్న్ కొడితే బిల్లింగు తగ్గుతుంది, తగ్గిన వార్డుని మీటింగులో నిలబెట్టి కడిగేది మీ సెక్షనేగా" అంది ఆవిడ చల్లగా.

ఆ మీటింగుకి చార్టులు గీసేది నేను. మంచి బిల్లింగు అని నేను మెచ్చుకున్నదంతా ఈ బీరువాలే. ఉన్నవాళ్లలో సరిగ్గా చేసిన మనిషిని ఏరి మరీ పట్టిచ్చానన్నమాట!

ఆ ఊపులోనే సారు గదిలోకి పోయి మొత్తం కక్కేశాను. ఆ అమ్మాయి తప్పు లేదని, నా రిపోర్టే తప్పని, బీరువాలు చూడమని. ఆయన ఎంతో శ్రద్ధగా విన్నాడు. టీ కూడా తెప్పించాడు.

"అచ్ఛా, చోరీ లేదన్నమాట. అయితే ఛార్జిషీటు వెనక్కి తీసుకుందాం" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. ఆయన టీ చప్పరించి, "ఒక నర్సు ఒక్కతే నెలలో ఇంత వెనక్కిచ్చిందంటే, అందరూ మొదలెడితే ఏం కావాలి? మంచి పాయింటు పట్టారు. ఇవాళే వార్డు కంప్యూటర్లలో ఆ రిటర్న్ ఆప్షన్ తీసేయించండి" అన్నాడు.

ఇది నిజంగా అంటున్నాడా అని ఆయన మొహంలోకి చూశాను. నిజంగానే అంటున్నాడు. ఒళ్లు మండిపోయింది. మండితే ఏం, లేచి మొహాన కొట్టాల్సింది, కొట్టలేదు. ఎక్కువ మాట్లాడితే ఛార్జిషీటు మళ్లీ పైకొస్తుందేమోనని భయం. నా ఇంక్రిమెంటు గురించి కూడా భయమే, ఎందుకు దాచడం. ఆ ఆప్షన్ తీసెయ్యమని కంప్యూటర్లు చూసే ఐ.టి. వాళ్లకి మెయిలు నా పేరు మీదే వెళ్లింది.

మర్నాడు మధ్యాహ్నం నా బల్ల మీద ఫోను మోగింది. మూడో అంతస్తు నుంచి, ఆ అమ్మాయే. గొంతులో సంతోషం తెలిసిపోతోంది.

"అక్కా, ఛార్జిషీటు తీసేశారు! మీరే మాట్లాడారట కదా, మీ మేలు మర్చిపోలేను. అన్నట్టు, ఇక్కడ రిటర్న్ బటన్ కనబడట్లేదు. ఆరో బెడ్ తాతగారు ఇంటికెళ్తున్నారు, పదకొండు ఇంజెక్షన్లు మిగిలాయి. కాస్త చూస్తారా?"

"సర్వర్ ప్రాబ్లమ్ అమ్మా, చూస్తాను" అన్నాను.

"ఠీక్ హై అక్కా, ఎంతసేపైనా పర్లేదు. మీరున్నారుగా. తాతగారిని కూర్చోబెడతాను" అంది.