చూరులో లేని జుట్టు

చిన్నమ్మలుకి అనుమానం ఎక్కువ. ఈ సంగతి పేటలో ఎవరిని అడిగినా చెబుతారు. ఆమెనే అడిగితే మాత్రం "ఎవరు చెప్పేరు? నీతో ఎందుకు చెప్పేరు?" అని ఎదురు ప్రశ్న వేస్తుంది. పాలు పోసే సత్తియ్య కళ్ళెదుటే గిన్నెలో వేలు ముంచి చూస్తుంది. అంబాజీపేటలో బాపిరాజు గారి కొబ్బరి కొట్లో కాయలు పగలగొట్టే పనికి వెళ్ళినా, చెప్పులు అందరితోపాటు గుమ్మంలో విడవదు. తను కూర్చునే పీట కిందే పెట్టుకుంటుంది. 'ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు' అన్నది ఆమె ఊతపదం. ఈశ్వరుడు పట్టలేకపోతే పోనీ, తను పట్టుకుంటానని ఆమె ధీమా.

ఈ గుణం పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్ళయిన కొత్తలో ఎవరేం చెప్పినా నమ్మేది. రాజోలులో స్నేహితుడి పెళ్ళి ఉందని చెప్పి మొగుడు బయల్దేరితే, చొక్కా తనే ఇస్త్రీ చేసి ఇచ్చింది. పెళ్ళి జరిగిన మాట నిజమే. పెళ్ళికొడుకు మాత్రం స్నేహితుడు కాదు. ఆ తర్వాత చిన్నమ్మలు ఏ మాటనీ ఊరికే నమ్మలేదు. నమ్మమని అడిగే హక్కు ఎవరికుంది గనక?

తొంభై ఆరు తుపానుకి తోటలన్నీ నేలకొరిగి కూలి దొరక్కుండా పోయినప్పుడు, ఆమె అక్క కృష్ణవేణి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. అక్క మొగుడు అంతకుముందే కాలం చేశాడు. బయల్దేరే ముందు కూతురు ప్రసన్న చెయ్యి తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టింది. "ఎలా ఇచ్చేనో అలాగే నాకు అప్పజెప్పాలే" అంది. చిన్నమ్మలుకి పిల్లలు లేరు. ఆ చేతిని పట్టుకున్నది మొదలు ఆమెకు నిద్ర సరిగ్గా పట్టలేదు. పిల్లకి ఏదైనా అయితే అక్కకి ఏ మొహం చూపించాలి?

అందుకని కాపలా మొదలైంది. బడి నుంచి రాగానే ప్రసన్న సంచీ తనిఖీ. రిబ్బను కొత్తదా పాతదా? ఓణీకి ఈ మరకేంటి? బస్సు ఎప్పుడో వచ్చిందిగా, మరి నువ్వు ఇప్పుడొచ్చేవేం? పిల్ల నవ్వితే ఎందుకు నవ్విందని, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని. ప్రసన్న పదో తరగతికి వచ్చేసరికి ఈ కాపలా ఇంకా గట్టిపడింది. వయసొచ్చిన పిల్ల, ఆపైన పెద్ద పరీక్షలు. ప్రతి ఆదివారం బాపిరాజు గారింటికి కువైట్ నుంచి ఫోనొచ్చేది. "ఫస్టు క్లాసు రావాలమ్మా, నా కష్టమంతా నీమీదే పెట్టేను" అని తల్లి అక్కడినుంచి ఏడ్చేది. ప్రసన్న ఇక్కడినుంచి "ఆయ్, ఆయ్" అనేది.

ఇక చూరు సంగతి. మా వైపు ఆడవాళ్ళు తల దువ్వుకున్నాక ఊడిన జుట్టు పారెయ్యరు. ఉండ చుట్టి చూరులో దోపుతారు. సైకిల్ మీద జుట్టు కొనేవాడు వచ్చినప్పుడు ఇచ్చేసి, పిన్నీసులో, స్టీలు గరిటో తీసుకుంటారు. చిన్నమ్మలుకి ఇందులో ఇంకో లెక్క కూడా ఉంది. ఊడిన వెంట్రుక పగవాళ్ళ చేతిలో పడితే చేతబడి చేయిస్తారు. సైకిల్ వాడికిస్తే ఆ భయం లేదట; పది ఊళ్ళ జుట్టులో కలిసిపోయాక ఎవరిది ఏదో ఏ మంత్రగాడికీ తెలియదట.

రెండువేల ఒకటిలో, పరీక్షలు దగ్గరపడిన రోజుల్లో, చూరు వంక చూసిన చిన్నమ్మలు గుండె గుభేలుమంది. తన నెరిసిన ఉండ ఉంది. ప్రసన్న నల్ల ఉండ లేదు. ఎన్నాళ్ళుగా లేదో! బారెడు జడున్న పిల్లకి ఒక్క వెంట్రుకైనా ఊడదా? ఊడితే, ఏమైపోతోంది? అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. పిల్ల ఈమధ్య తలంటు పోయనివ్వడం లేదు. "నేనే పోసుకుంటాను పిన్నీ" అంటోంది. నూనె పెడతానంటే తల వెనక్కి లాక్కుంటోంది. కంచంలో అన్నం కెలికి వదిలేస్తోంది. పిలిస్తే ఉలిక్కిపడుతోంది. చేతబడికి ఇంకేం గుర్తులు కావాలి?

ఎవరు తీస్తున్నట్టు? జుట్టు ముట్టుకునేది ఒక్కరే, కంచె అవతలి ఇంటి మాధురి. లారీ నడిపే వీర్రాజు భార్య. చిన్నమ్మలు పొద్దున్నే కొట్టుకి వెళ్ళిపోతే, బడికి వెళ్ళే ముందు ప్రసన్నకి జడ వేసేది ఆమే. పెళ్ళై ఏళ్ళు గడిచినా కడుపు పండలేదు. గుడి గుడికీ ముడుపులు కడుతూ ఉంటుంది. చిన్నమ్మలు మనసులో లెక్క కుదిరిపోయింది.

ఒకరోజు పనికి వెళ్ళినట్టే వెళ్ళి, మధ్య దారిలోంచి వెనక్కి వచ్చింది. అరుగు మీద మాధురి జడ వేస్తోంది. చిన్నమ్మలుని చూడగానే ఏదో నల్లటిది గుప్పిట్లో నొక్కి, చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"ఏంటమ్మా అది?"

"ఏం లేదండి అత్తయ్యగారూ."

"ఏం లేకపోతే చెయ్యి చూపించు. చూపించవు! ఎలా చూపిస్తావ్? నీ కడుపు పండడానికి నా పిల్ల జుట్టే దొరికిందా నీకు?"

మాధురి మొహంలో రక్తం లేదు. ప్రసన్న వంక చూసింది. ప్రసన్న తల వంచుకుని వెక్కుతోంది. "మీరెలా అనుకుంటే అలాగేనండి" అని మాధురి లేచి వెళ్ళిపోయింది. ఆ మాట పేటంతా విన్నది. చిన్నమ్మలుకి మాత్రం దొంగని పట్టుకున్న తృప్తి.

ఆ తృప్తి మర్నాటి దాకా కూడా నిలవలేదు. పొద్దున్నే బలవంతంగా కూర్చోబెట్టి జడ విప్పింది. విప్పగానే చేతిలోకి ఒక సవరం ఊడి వచ్చింది. ఎవరి జుట్టుతోనో కట్టిన పెట్టుడు పాయ. దాని వెనక, నడినెత్తిన, అరచేతి మధ్యంత మేర జుట్టే లేదు. తెల్లటి చర్మం. "ఎవరు చేసేరే ఇది?" అంటే పిల్ల నోరు విప్పదు. తాయెత్తు తెచ్చి మెడలో కట్టింది. గుమ్మానికి నిమ్మకాయలు కట్టింది. నిమ్మకాయలు ఎండాయి గానీ నెత్తి మీద చోటు ఇంకాస్త పెరిగింది.

అప్పటికి పరీక్షలకి చదువుకోమని బడికి సెలవులిచ్చారు. పిల్ల ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. దొంగ వచ్చేది అప్పుడే. చిన్నమ్మలు అన్నం గిన్నె కట్టుకుని, పనికి వెళుతున్నానని కేక వేసి, కొబ్బరితోటలోంచి చుట్టూ తిరిగి వచ్చి పెరటి తడక వెనక నక్కింది. తడక సందులోంచి కిటికీ దగ్గర పుస్తకం ముందు ప్రసన్న కనబడుతోంది. ఎవరొస్తారా అని ఊపిరి బిగబట్టి చూసింది. ఎవరూ రాలేదు.

పిల్ల లెక్క చేస్తోంది. పెన్ను ఆగింది. ఎడం చెయ్యి దానంతట అదే నెత్తి మీదికి వెళ్ళింది. వేళ్ళు ఒక్క వెంట్రుకని వెతికి పట్టుకున్నాయి. పుటుక్కున లాగింది. కళ్ళు పుస్తకం మీదే ఉన్నాయి. ఆ వెంట్రుకని కిటికీలోంచి బయట బోదె కాలవ నీళ్ళలోకి వదిలింది. మళ్ళీ చెయ్యి పైకి వెళ్ళింది. మళ్ళీ లాగింది. లాగినప్పుడల్లా మొహం ఒక్క క్షణం తేలికపడి, వెంటనే ముడుచుకుపోతోంది.

దొంగ దొరికింది. ఇంటి దొంగే. చిన్నమ్మలు అక్కడే మట్టిలో కూలబడింది. తడక చప్పుడైంది.

ప్రసన్న బయటికి పరుగెత్తుకొచ్చి, తడక వెనక పిన్నిని చూసి బిగుసుకుపోయింది. "కొట్టకు పిన్నీ" అంది ముందు. తర్వాత, "చూస్తున్నావా? ఇక్కణ్ణుంచి కూడా చూస్తున్నావా?" అంది.

"ఎందుకు పీక్కుంటున్నావే తల్లీ?"

"నాకూ తెలీదు. గుండెలో దడదడలాడుతుంది. పీకితే కాసేపు ఆగుతుంది. పరీక్ష పోతే తన కష్టం పోయినట్టే అంటది అమ్మ. నువ్వేమో నేనేదో తప్పు చేసినట్టే రోజూ వెతుకుతావు. నేనే తప్పూ చెయ్యలేదు పిన్నీ. అలా వెతగ్గా వెతగ్గా, చేసేనేమో అని నాకే అనుమానమొస్తంది."

చిన్నమ్మలు ఎన్నో మాటలు పడింది జీవితంలో. మొగుడు వదిలిపోయిన నాడు కూడా ఇంత దెబ్బ తగల్లేదు. కంచె వేశాననుకుంది; చేను మేసింది ఆ కంచే. పిల్లని దగ్గరికి తీసుకుని బావురుమంది.

"మరి మాధురి గుప్పిట్లో ఏంటే అది?"

"సవరం. ఆ అక్కదే. తన జుట్టు పోగుచేసి కట్టి పెడతంది నాకు, ఎవరికీ కనపడకుండా. ఆ రోజు నువ్వు కొట్టుకెళ్ళాక మళ్ళీ వచ్చి పెట్టింది. చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్నాను."

ఆ సాయంత్రం చిన్నమ్మలు సవరం పట్టుకుని కంచె దాటింది. మాధురి బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నా నోరు చెడ్డదమ్మా. నా బుద్ధి అంతకన్నా చెడ్డది."

"ఆయ్" అంది మాధురి. కాసేపటికి, "అనకూడని మాటన్నారండి అత్తయ్యగారూ. అది నాకు పోదు. జడెయ్యడానికొస్తాను, పిల్ల కోసం. మీ కోసం కాదు" అంది. తర్వాత తనే మళ్ళీ, "పెద్దాసుపత్రికి తీసుకెళ్దామని నేనెప్పట్నుంచో అనుకుంటున్నాను. మీకు తెలిస్తే చంపేస్తారని అదే రానంది" అంది. చిన్నమ్మలు తల ఊపింది. ఆమెకు అంతకంటే ఎక్కువ దక్కాలని కూడా లేదు.

ముగ్గురూ అమలాపురం వెళ్ళారు. ఆసుపత్రిలో డాక్టరమ్మ నెత్తి చూసింది, పిల్లతో విడిగా చాలాసేపు మాట్లాడింది. బయటికి వచ్చి, "దయ్యమూ కాదు, పిచ్చీ కాదు. ఈ వయసులో మనసు మీద బరువు ఎక్కువైతే కొందరు ఇలా చేసుకుంటారు. తిట్టకండి, సిగ్గుపడేలా చెయ్యకండి. ఏ వేళ చెయ్యి పైకి వెళుతోందో పిల్లనే గమనించుకోమన్నాను. ఆ వేళకి ఆ చేతికి ఇంకో పని ఉండాలి. నిద్రపోనివ్వండి. నెల పోయాక మళ్ళీ తీసుకురండి" అంది. నెత్తికి రాసుకోవడానికి లేపనం తప్ప ఇంకేమీ రాయలేదు.

"సూదన్నా పొడవలేదు, ఈవిడ నిజంగా డాక్టరేనంటావా?" అని చిన్నమ్మలు బస్సులో మాధురి చెవిలో అడిగింది. పుట్టుకతో వచ్చింది కాకపోయినా, బుద్ధి అంత తొందరగా పోతుందా! మాధురి మొహం అటు తిప్పుకుని నవ్వు దాచుకుంది.

చేతికి పని అంటే చిన్నమ్మలుకి తెలిసిన పని ఒకటే. పెరట్లో పడున్న కొబ్బరి మట్ట లాక్కొచ్చి, ఆకులు చీల్చి పిల్ల ముందు పడేసింది. ప్రసన్న పాఠం పైకి చదువుతూ ఈనెలు తియ్యడం మొదలుపెట్టింది. చాకుతో ఆకు గీస్తే ఈనె ఒక పక్క, ఒట్టి ఆకు ఒక పక్క. చెయ్యి నెత్తి వైపు లేచినప్పుడల్లా తనే గుర్తించి, ఆకు అందుకునేది. కొన్నిసార్లు గుర్తించేది కాదు. అలాంటప్పుడు చిన్నమ్మలు పళ్ళు బిగించి తల పక్కకి తిప్పుకునేది. చూడకుండా ఉండడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడు తెలిసింది. సంచీ తనిఖీ మానేసింది. ఆదివారం ఫోనొస్తే రిసీవరు తనే ముందు లాక్కుంది.

"అక్కా, మార్కుల మాటెత్తితే ఫోను పెట్టేస్తాను. అన్నం తిన్నావా, నిద్రపోయావా అనడుగు. తర్వాత నీ సంగతులు చెప్పు. ఏడవకు." ఆ తర్వాత ఫోను పిల్లకిచ్చింది. ఆ ఆదివారం ప్రసన్న "ఆయ్" కాక ఇంకా చాలా మాటలు మాట్లాడింది.

పరీక్షలు అమలాపురంలో పడ్డాయి. "నువ్వు వెనకాల రాకూడదు పిన్నీ. బస్సులో ఫ్రెండ్సుతో వెళ్ళొస్తాను" అంది ప్రసన్న. చిన్నమ్మలు ఒట్టు పెట్టింది. పెట్టిన ఒట్టు నిలబెట్టుకుంది కూడా, బస్సు కనబడకుండా పోయేదాకా రోడ్డు మీద నిలబడ్డం తప్పిస్తే.

ఆఖరి పరీక్ష నాడు, రావలసిన బస్సు వచ్చి వెళ్ళిపోయింది. అందులో ప్రసన్న లేదు. తర్వాతి బస్సులోనూ లేదు. చిన్నమ్మలు గుమ్మానికీ రోడ్డుకీ తిరిగింది. రాజోలు పెళ్ళి గుర్తొచ్చింది. ఎవరైనా తీసుకుపోయారా? తనే ఎవరితోనైనా వెళ్ళిందా? పరీక్ష పాడుచేసుకుని ఏ కాలవ గట్టున కూర్చుందో? చెప్పులు కాళ్ళకి తగిలించుకుంది. ఒట్టు గుర్తొచ్చి విడిచేసింది. కంచె అవతల నుంచి మాధురి, "వస్తదిలెండి" అంది. చిన్నమ్మలు వెళ్ళి అరుగు మీద చతికిలబడింది.

దీపాలు పెట్టే వేళకి ప్రసన్న గేటు తోసుకుని వచ్చింది. చిన్నమ్మలు గొంతులోకి పాత ప్రశ్నలన్నీ తోసుకొచ్చాయి. ఎక్కడున్నావు, ఎవరితో ఉన్నావు, ఎందుకాలస్యం? వాటన్నిటినీ మింగేసింది.

"అన్నం తింటావా?" అంది.

పిన్ని ఇంకా ఏదో అడుగుతుందని ప్రసన్న కాసేపు నిలబడింది. అడగలేదు. "అందరం ఐసు తిన్నాం పిన్నీ. మళ్ళీ కలుస్తామో లేదో అని మాట్లాడుకుంటూ బస్సు వదిలేసేం" అని తనంతట తనే చెప్పింది. తర్వాత కిందకి చూసింది. పొద్దుటిదాకా పెరట్లో పోగు పడున్న మట్టల్లో ఒక్కటి కూడా మిగల్లేదు. అరుగు నిండా ఈనెలు. చిన్నమ్మలు వేళ్ళ మీద చాకు గాట్లు, ఎండిన రక్తం.

"ఇన్ని ఎవరు తీసేరు పిన్నీ?"

"ఎవరు తీస్తారే? నేనే" అంది చిన్నమ్మలు. "గుండెలో ఒకటే దడ."

ప్రసన్న ఆమె పక్కన కూర్చుని, గాట్లు పడ్డ ఆ చేతిని తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుంది. అక్కడ కొత్త జుట్టు పొట్టిగా, గరుగ్గా చేతికి తగిలింది.