రేడియేటర్లో రోజ్‌మిల్క్

2022 శ్రావణంలో, కరీంనగర్‌లోని నా షెడ్డులో, మూడు వందల యాభై రూపాయల ప్యాకెట్టు వద్దని తిప్పి పంపి ఒక గేర్‌బాక్సును చంపబోయిన ఘనత నాది. మాది హుజూరాబాద్‌లో కిరాణా కొట్టు. బాపు, చిన్నాయన, మేనమామ అందరూ గల్లాపెట్టె వెనక కూర్చునేవాళ్లే. నేనొక్కడినే పానా పట్టాను. చేతులకు నూనె అంటినంత మాత్రాన నాలుక మీది బేరం పోతుందా?

ఆ బండి మల్లేశంది. లక్సెట్టిపేట వైపు మనిషి. గల్ఫ్‌లో పరంజా మీంచి పడ్డాక అతని ఎడమ మోకాలు వంగదు. అందుకని క్లచ్ తొక్కే పని లేని పాత ఆటోమేటిక్ కారు కొనుక్కున్నాడు. వెనక సీటు తీసేసి చీరెలు, తువ్వాళ్లు నింపుకొని ఊరూరి వారపు అంగళ్లు తిరుగుతాడు. ఆ కారు ఆగితే దుకాణం మూసినట్టే. గేర్‌బాక్సు పోతే మార్చడానికయ్యే ఖర్చు కారు ధర కంటే ఎక్కువ. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అప్పుడు పగిలింది రేడియేటర్ ఒక్కటే. ఆటోమేటిక్ కారు రేడియేటర్ కడుపులో సన్నటి కూలర్ గొట్టం దాగి ఉంటుంది. గేర్‌బాక్సులో కాగిన ఎర్ర నూనె ఒక లైను గుండా అందులోకి వచ్చి, చుట్టూ ఉన్న నీళ్లకు వేడి వదిలి, రెండో లైను గుండా వెనక్కి పోతుంది. వీటినే ట్రాన్స్‌మిషన్ కూలర్ లైన్లంటాం. నూనె, నీళ్లు పక్కపక్కనే తిరుగుతూ ఒకదాన్నొకటి ముట్టుకోవు. నడుమ గోడ రేకంత మందం.

కొత్త రేడియేటర్ అమ్మిన షాపతను లైన్లు బిగించే చోట వేసే రాగి వాషర్ల ప్యాకెట్టు కూడా ముందు పెట్టాడు. "పాతయి మంచిగనే ఉన్నయి, గియి తీసేసి రేటు చెప్పు" అన్నాను. తీసేశాడు. ఆ పూట గెలిచినంత సంబరం నాకు.

పాత వాషర్ అప్పటికే నలిగి ఉంది. లైను బిగించి ఇంజను తిప్పితే నట్టు కింద ఎర్రటి చుక్క ఊరింది. తుడిచాను. మళ్లీ ఊరింది. అలాంటప్పుడు వాషర్ మార్చాలి. బిగించేటప్పుడు లైను కలిసేచోట రేడియేటర్ వైపున్న యూనియన్ ముక్కను ఒక పానాతో కదలకుండా పట్టుకొని, రెండో పానాతో నట్టు తిప్పాలి. నేను ఒక్క పానాతోనే ఇంకో పావు చుట్టు తిప్పాను. లోపలెక్కడో టిక్కుమంది. చుక్క ఆగింది. ఆ చప్పుడు వర్షపు చినుకుదేమో అనుకున్నాను. రేకుల మీద వాన లేదు.

పరీక్షకని మానేరు డ్యామ్ కట్ట దాకా నడిపాను. మబ్బూ నీళ్లూ ఒకే రంగులో కలిసిపోయి, కారు రోడ్డు మీద పోతోందో నీటి మీద తేలుతోందో తెలియనంత మెత్తగా ఉంది. వెనక చీరెల నుంచి గంజి వాసన. ఆ కాసేపూ నేనెవరికో మేలు చేసినవాడిలా ఉన్నాను.

మల్లేశం బండి తీసుకొని వెళ్లాడు. ధర్మారం దాటాక చాయ్ తాగడానికి ఆగి, మళ్లీ బయలుదేరి ఫోన్ చేశాడు.

"సేటూ, బండి ఉర్కుతలేదు. ఇంజను మొత్తుకుంటుంది గని చక్రం తిరుగుతలేదు."

"బంద్ చెయ్యి మల్లన్నా. నీళ్ల డబ్బ మూత తియ్యకు, పైనుంచే చూడు. ఏం రంగున్నది?"

"రోజ్‌మిల్క్ తీర్గున్నది. గిదేం మందు పోసినవే?"

నేను మెలి తిప్పినప్పుడు లోపలి కూలర్ చిట్లింది. ఇంజను నడిచినంతసేపూ నూనె నీళ్లలోకి పోయింది. చాయ్ కోసం ఆగినప్పుడు నూనె ఒత్తిడి పడిపోయి, వేడి నీళ్ల ఒత్తిడి గేర్‌బాక్సులోకి నీళ్లను తోసింది. గేర్‌బాక్సులోని ప్లేట్లకు అంటించిన పొర నీళ్లకు నాని ఊడిపోతుంది. ఎంత తొందరగా కడిగితే అంత మిగులుతుంది.

బండిని ట్రాలీ మీద షెడ్డుకు తెచ్చాను. ఇంకో రేడియేటర్, ఈసారి వాషర్లతో సహా. నట్లు ముందు వేళ్లతో ఎక్కించి, తరవాత రెండు పానాలు పట్టాను. గేర్‌బాక్సులో కొత్త నూనె పోసి, ఇంజను తిప్పి, పారదర్శకమైన పైపు గుండా పాతదాన్ని వదిలేయడం మొదలుపెట్టాను. మొదట పాలలా వచ్చింది. రెండోసారి లేత గులాబీ. మధ్యాహ్నపు ఎండ ఆ పైపులో పడి రంగు మెల్లగా మారుతుంటే, ఇద్దరం స్టూళ్ల మీద కూర్చొని నిద్రలో ఉన్నవాళ్లలా చూస్తున్నాం.

"కలలనైతే నా ఎడమ కాలు మంచిగనే వంగుతది సేటూ," అన్నాడతను. "గీ బండికి గూడ క్లచ్ ఉంటది. తొక్కుకుంట పోతుంట."

"యాడికి?"

"యాడికీ లే. రోడ్డు ఒడుస్తలేదు, చీరెలు అమ్ముడుపోతలేవు. అయినా పరేషాన్ అనిపియ్యది."

ఇక దాచలేకపోయాను. "మల్లన్నా, బిగించేటప్పుడు టిక్కుమన్నది. ఇన్న. ఇననట్టు ఊకున్న."

అతను పైపు మీంచి చూపు తిప్పలేదు. అలాగే అన్నాడు: "ఒకసారి చినిగిన చీరెను మడత లోపల పెట్టి అమ్మిన. గామె తిరిగొచ్చి కొట్లాడలే. ఇప్పటికీ ప్రతి అంగట్ల నా ముంగటికెల్లే పోతది, బండి దిక్కు చూడది. తిట్టినా మంచిగుండు."

నాలుగోసారికి నూనె ఎర్రగా, తేటగా వచ్చింది. బండి కదిలింది. రెండో గేరు పడేటప్పుడు మాత్రం చిన్న వణుకు.

బిల్లు రాయడానికి కూర్చుంటే, బండి షెడ్డులో ఉండి తప్పిపోయిన మూడు అంగళ్లకు రోజుకు వెయ్యి అడిగాడు. నా నోరు తనంతట తానే "ఎనిమిది వందలు" అనేసింది. నాలుక కరుచుకున్నాను. అతను పకపకా నవ్వి, "గీ బుద్ధి కాటిదాక పోదు. వెయ్యే రాయి," అన్నాడు. "అయిన సంగతి గూడ రాయి."

"రాస్తే రేపు బండి అమ్మినప్పుడు నీకు రేటు రాదన్నా."

"కొనేటోడు గూడ ఇల్లుగడుపుకునేటోడేనాయె. జర రాయి."

రాశాను. మొదట వేసిన కొత్త రేడియేటర్, నా చేతిలో చెడింది: ఖర్చు నాది. రెండో రేడియేటర్: మల్లేశంది, ముందు ఒప్పుకున్న రేటుకే. నాలుగుసార్ల నూనె, ట్రాలీ: నావి. కూలి: లేదు. మూడు అంగళ్లు: మూడు వేలు, నేను ఇచ్చాను. గేర్‌బాక్సులోకి నీళ్లు పోయాయి; కారణం, మెకానిక్ ఒక్క పానాతో బిగించడం, చప్పుడు విని చెప్పకపోవడం. రెండో గేరులో వణుకు మిగిలింది. దానికి ధర కట్టలేకపోయాను.