చెఱకు గ్రూపులో బండి ఱ

మా పెద్దబాపు పోయిన కబురు నాకు వాట్సాప్‌లో తెలిసింది. నిజామాబాద్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఎడపల్లి చెరకు రైతుల గ్రూపులో ఆయన నంబరు నుంచే మెసేజ్ వచ్చింది, పెట్టింది వాళ్ల కొడుకు: "నేడు ఉదయం బాపు చనిపోయారు." నేడులో అరసున్న లేదు. ఆ నంబరు నుంచి అరసున్న లేని 'నేడు' అంతకుముందెన్నడూ రాలేదు. అది చూశాకే నమ్మాను. అక్కడి బల్ల మీద కూర్చుని, జనం చూస్తున్నా ఏడ్చాను.

పెద్దబాపు అంటే మా నాన్నకు అన్న. తెలుగు పండితుడిగా రిటైరై ఎడపల్లిలో చెరకు పండించుకున్నారు. నోరు విప్పితే మా అందరిలాగే గిట్ల, గట్ల. రాతకు కూర్చుంటే మాత్రం అరసున్నలు, బండి ఱలు ఎక్కడివక్కడ వచ్చి కూర్చునేవి. అరసున్న అంటే సగం సున్న. బండి ఱ అంటే ఇప్పటి రాతలోంచి జారిపోయిన రెండో 'ర'.

ఆయన ఫోన్‌లో తెలుగు కీబోర్డు పెట్టింది నేనే. ఓ మధ్యాహ్నం 'ర' మీద వేలు పెట్టి తీయడం మరిచారు. పైన చిన్న డబ్బాలో ఱ లేచింది. ఆయన కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ చూశారు.

"బిడ్డా, గిది ఇంక బతికే ఉన్నది. ఎవలో, యాడనో, దీనికి గీడ జాగ పెట్టిండ్రు."

ముఖమైనా తెలియని ఎవరో మనిషి, జనం వాడని అక్షరాన్ని పారేయడానికి మనసొప్పక, మన ఫోన్లలో ఇలా దాచిపెట్టాడన్నమాట. రోజూ అదే కీబోర్డు మీద వేళ్లాడించే నాకు ఆ సంగతే తెలియదు.

ఇక చూడాలి గ్రూపు సంబరం. "నేఁడు కాలువకు నిజాంసాగర్ నీళ్లు వచ్చినవి. చెఱకు తోఁటలకు పెట్టుకొనుఁడు." పక్క చేను మామ ఆ అరసున్నను స్క్రీన్ మీద మరక అనుకుని తువ్వాలతో తుడిచాడు, మళ్లీ తుడిచాడు. పోకపోయేసరికి ఫోన్ పాడైందని బోధన్‌లో రిపేరుకు పట్టుకెళ్లాడు. ఇంకొకాయన బండి ఱను వైరస్ అన్నాడు. పెద్దబాపు కడుపుబ్బ నవ్వారు గానీ ఒక్క అక్షరం మార్చలేదు.

ఎందుకింత మొండితనమని ఓసారి చెరకు చేను గట్టు మీద అడిగాను. వెనకటి మనుషుల నోట్లో ఈ రెండు ర లు వేరువేరుగా పలికేవని, చెరకులోది గట్టి ర అని చెప్పారు. ఎన్నడో మన్నులో కలిసిన వాళ్ల గొంతు ఇంకా ఆ అక్షరంలో ఉందని ఆయన నమ్మకం.

"నోరు ఎన్నడో మర్సిపోయింది బిడ్డా. చెయ్యన్న యాదుంచుకోవాలె. నేను పోయినంక గిది ఎవలు రాస్తరు?"

వేళాకోళానికి అడగలేదు. నిజంగానే భయపడ్డారు.

దినాలకు ఫ్లెక్సీ వేయించడానికి బోధన్ వెళ్లాను. 'మిమ్ము మఱువలేము' అని రాయమన్నాను.

"అక్కా, గీ అక్షరం ఈ ఫాంట్ల లేదు. మామూలు ర పెడ్త, ఎవలు సూస్తరు?" అన్నాడు షాపాయన.

మరువలేమని చెప్పే మాటలోనే ఆయన అక్షరాన్ని మరిచిపోతే ఇక నేనెందుకు? ఆ జాగ ఖాళీగా వదిలెయ్యమన్నాను. ఇంటికి తెచ్చి, తలుపులకు వేయగా మిగిలిన నల్లరంగుతో 'ఱు' నేనే రాశాను. కాస్త వంకరగా వచ్చింది. పెద్దబాపు ఉంటే దిద్దించేవారు.

ఫ్లెక్సీ ఇప్పటికీ వాళ్ల గేటుకే ఉంది. ఎండకు అచ్చు రంగులన్నీ వెలిసిపోయాయి. ఫోటోలో ఆయన ముఖం తెల్లబడింది, అక్షరాలను కూడబలుక్కోవాలి. నల్లగా నిలిచింది 'ఱు' ఒక్కటే. మొన్న నేను వెళ్లేసరికి పక్క చేను మామ దాని ముందు నిలబడి భుజం మీది తువ్వాల తీస్తున్నాడు. మళ్లీ తుడుస్తాడేమో అనుకున్నాను. తువ్వాలను చంకలో పెట్టుకుని, చూపుడువేలితో ఆ అక్షరం మీద మెల్లగా దిద్దసాగాడు.