పట్టా దులిపిన సాయంత్రం

ఒక చోట కుదురుగా కూర్చోవడం నా జాతకంలో లేదు. పిల్లాడు పుట్టాక అది మరీ ముదిరింది. వాడికిప్పుడు ఐదేళ్లు. పోయిన చలికాలం ఆయాసం వచ్చి నరసరావుపేట ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. అప్పటినుంచి వాడు నాలుగడుగులు పరుగెత్తితే నేను వెనకే పరుగెత్తుతాను. వాడి ఇన్‌హేలర్ ఒకటి నా హ్యాండ్‌బ్యాగులో, ఒకటి కారులో, ఇంకొకటి వంటింట్లో. పిల్లాణ్ని ఆడుకోనివ్వండి అని డాక్టరు చెప్పిన మాట ఇంట్లో అందరికీ వినపడింది, నాకు తప్ప.

అలాంటి నన్ను మా ఆయన ఎలాగో ఒప్పించి, టెంటు కొని, శని, ఆదివారాలు గడుపుదామని ఈపూరు దగ్గర మా మామగారి పొలానికి బయలుదేరదీశాడు. పొలం చివర చిన్న కొండ ఉంది. మేకలు తోలుకుపోయేవాళ్లు తప్ప దాన్ని ఎవరూ ఎక్కరు. తొమ్మిదేళ్ల మా అమ్మాయికి మాత్రం ఆ కొండెక్కి సోమవారం బళ్లో గొప్పలు చెప్పుకోవాలని ఆశ. నేను ఒకే షరతు పెట్టాను. పిల్లాడు కొండెక్కకూడదు, కింద నాతోనే ఉండాలి. వాడు దారి పొడుగునా మూతి ముడుచుకుని కూర్చున్నాడు. శావల్యాపురం దాటాక, కొండ మీద గాలి ఉండదా అమ్మా అని అడిగాడు. నేను కారు అద్దం పైకెత్తాను.

చేరేసరికి ఎండ వాలుతోంది. మిరప మొదటి కోత అయిపోయి, కాయలు బస్తాల్లో వెళ్లిపోయాయి. మా ఆయన టెంటు ఎలా వేయాలో ఫోన్లో చూస్తుంటే నేను నిలబడలేక చేను చుట్టూ తిరిగాను. ఇక్కడ చీమలు, అక్కడ పల్లేరుకాయలు, గట్టు పక్కన పుట్టలాంటిదేదో. ఎక్కడ వేసినా సరే, కింద పట్టా పరవాల్సిందేనని పట్టుబట్టాను. మోటారు గది పక్కన పచ్చ టార్పాలిన్ పట్టా మడిచి ఉంది. మా వైపు ఆ పట్టాతో పడని పని ఉండదు. వానొస్తే కప్పుతాం, భోజనాలకు పరుస్తాం, చావొచ్చినా వాకిట్లో నీడకు కడతాం. అందుకే దాన్ని చూడగానే ఇంకేమీ ఆలోచించలేదు. పిల్లాడికి దుమ్ము పడదు కదా, అవతలి కొసలు పట్టుకోమని మా ఆయన్ని పిలిచి గట్టిగా దులిపాను. చాలక ఇంకోసారి దులిపాను.

అది మిరపకాయలు ఆరబోసిన పట్టా.

మిరపచేల మధ్య పుట్టి పెరిగినదాన్ని, ఘాటు ముక్కులోకి పోయేదాకా నాకు తట్టలేదు. నలుగురం ఒకేసారి తుమ్మడం మొదలుపెట్టాం. అమ్మాయి కళ్లు నులుముకుని మంట ఇంకా పెంచుకుంది. పిల్లాడు దగ్గుతూ దగ్గుతూ వంగిపోయాడు. నేను ఇన్‌హేలర్ మూతని లాగడం మానేసి అటూ ఇటూ తిప్పుతున్నాను. మా ఆయన లాక్కుని వాడిచేత పీల్పించాడు. నాకు ఏడుపు ఆగలేదు. పడదు పడదంటూ దులిపింది నేనే.

వాడి ఊపిరి కాస్త కుదుటపడగానే ఇంటికి వెళ్లిపోదామన్నాను. కానీ గాలి కొండ వైపు నుంచి వీస్తోంది. కారేమో గాలి వాలున ఉంది. అక్కడికి వెళ్లాలంటే ఆ ఘాటులోంచే నడవాలి. ఘాటు లేనిది కొండ వైపే.

"కింద దాచిపెడితేనే గదే వాడికి ఇంత దగ్గొచ్చింది. పైకి రానీ" అన్నాడు మా ఆయన.

నేను సరే అనలేదు. ఇన్‌హేలర్ మళ్లీ బ్యాగులో వేసి, బ్యాగు భుజాన తగిలించుకున్నాను.

మేకల దారి పట్టాం. మా ఆయన ఎత్తుకోబోతే పిల్లాడు ఒప్పుకోలేదు. కాస్త ఎక్కగానే వాణ్ని ఆపి, వీపుకి చెవి ఆనించి పిల్లికూతలు వస్తున్నాయేమోనని వినేదాన్ని. ఇంకాస్త ఎక్కగానే మళ్లీ. వాడు విసుక్కునేవాడు. పైకి పోయేకొద్దీ గాలి చల్లబడింది. వాడి దగ్గు ఎక్కడ ఆగిందో నేను గమనించనేలేదు, అప్పటికే నా రొప్పు నాకు ఎక్కువైంది. సగం కొండ ఎక్కేసరికి ఓ బండ మీద కూలబడ్డాను.

ముందు పోతున్న పిల్లాడు వెనక్కి దిగివచ్చాడు. నా వెనక చేరి, అచ్చం నాలాగే, వీపుకి చెవి ఆనించి విన్నాడు. తర్వాత నా బ్యాగు జిప్పు తీసి ఇన్‌హేలర్ నా చేతిలో పెట్టాడు.

"నువ్విక్కడే కూర్చో అమ్మా. పైకి రామాకు. నీకు పడదు."

మా ఆయన నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగాడు. నాకు నవ్వు రాలేదు. ఆ మాటలు నావి. అవి వినే పక్షాన ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. చాలా కోపం వచ్చింది, వాడి మీద కాదు.

వాళ్లు ముగ్గురూ పైకి వెళ్లిపోయారు. ఇన్‌హేలర్ నా దగ్గరే ఉందని గుర్తొచ్చి గబుక్కున లేచాను. రెండడుగులు వేసి, ఆగి, మళ్లీ వచ్చి బండ మీద కూర్చున్నాను. కాళ్లు ఆడిస్తూనే కూర్చున్నాను.

కాసేపటికి పైనుంచి కేక వినపడింది. వాడిదే. చేల మీదుగా, మోటారు గది దాటి, రోడ్డు దాకా పోయింది. అంత పెద్ద గొంతు వాడికి ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.