సీతంపేట కొండ మీద పిలుపు

కొండెక్కుదాం అన్నది సూరి. రాజాంలో ధాన్యం వ్యాపారం వాడిది. షుగరు వచ్చింది, నడవమని డాక్టరు చెప్పాడు, ఒంటరిగా నడవాలంటే వాడికి బద్ధకం. సరే అని కాలేజీనాటి సావాసగాళ్లం ముగ్గురం, నేనూ సూరీ సింహాచలమూ, ఒక శనివారం బయల్దేరాం. నేను పొద్దున్న ఆరింటికి విజయనగరంలో బస్సెక్కాను, వాళ్లిద్దరూ రాజాంలో ఎక్కారు. సింహాచలం నాకోసం ఇడ్లీ పొట్లం తెచ్చి సగం వాడే తినేశాడు.

పాలకొండ దాటాక, పక్క సీట్లో అల్లం బుట్టతో కూర్చున్న ముసలమ్మ మా గుడారం మూట చూసి ఎక్కడికని అడిగింది. చెప్పాం.

"మంచు దిగితే ఒకల్నొకలు పేరెట్టి పిలవకండి బాబూ. మీ గొంతు కొండ నేర్సుకుంటాది. పళ్లెం వాయించండి, సాలు" అంది.

సూరి పగలబడి నవ్వాడు.

సీతంపేటలో భోంచేసి ఎక్కడం మొదలుపెట్టాం. జీడితోటలు దాటాక పైన గడ్డి నేల, ఒకవైపు లోయ. చోటు బంగారం. పొద్దుగూకకముందే గుడారం వేసి, ఉప్మా వండుకుని, హాయిగా పడుకున్నాం.

తెల్లారి లేచేసరికి మంచు. చాచిన చెయ్యి కనబడదు. సూరి లేడు, నీళ్ల డబ్బా లేదు. నీళ్లు పట్టుకునే ఊట ఉన్నది లోయ అంచునే. ముసలమ్మ మాట గుర్తొచ్చేలోపే నోరు జారింది. "ఒరే సూరిగా, ఎక్కడ సచ్చినావురా ఎదవా" అని గొంతు చించుకున్నాను.

కాసేపటికి లోయ వైపు నుంచి నా గొంతే వినబడింది. నెమ్మదిగా, ప్రేమగా.

"సూరీ, ఇటు రా."

మారుమోత అనుకుందామంటే ఆ మాట నేనసలు అనలేదు. సింహాచలం నా నోటికేసి చూశాడు. మూసే ఉంది. వాడు పళ్లెం లాక్కుని గరిటెతో వాయించడం మొదలెట్టాడు. చేతులు పడిపోయేదాకా వాయించాడు. దేవుడి దయ, మంచులోంచి సూరి వచ్చాడు, మోకాళ్లదాకా బురదతో. ఏమైందంటే చెప్పడు. టీ కూడా పెట్టుకోకుండా దిగిపోయాం.

వెళ్లాలనుకున్నవాళ్లు వెళ్లండి, అంత అందమైన కొండ మా దిక్కున ఇంకోటి లేదు. నేను మాత్రం మళ్లీ వెళ్లను.

తిరుగు బస్సులో సూరి మెల్లిగా అడిగాడు. "లోయకాడ నన్ను పిలిసినది నువ్వే కదరా?"

వాడి మొహం చూస్తే జాలేసింది. నేనేరా అని అబద్ధమాడాను.

వాడు కిటికీ వైపు తిరిగాడు. "నువ్వయితే తిట్టేవోడివి. తిట్టనేదేటా అని అనుమానమొచ్చి ఆగిపోనాను. ఇంకో అడుగేస్తే కిందకే."

రాజాంలో దిగేదాకా వాడి చెయ్యి నేను వదల్లేదు.